బెత్తెడు ఖాళీ

చెల్లెలి ముఖం చూడనని ఒట్టు పెట్టుకున్నాను. కానీ అమ్మ పిలిచింది. కళ్ళు పూర్తిగా పోకముందే మా వంశపు గీతలతో ఒక కొత్త లంగా చూసుకోవాలట. తను పోయాక అదే కట్టి సాగనంపాలట.

మా ఇంట్లో లంగా మీద గీతలు ఒక్కరే గీయరు. అటు చివర ఒకరు, ఇటు చివర ఒకరు కూర్చుంటారు. మధ్యలో అమ్మ పాడుతుంది. పాట చెప్పిన దారినే ఇద్దరి గీతలూ నడిచొచ్చి కలుసుకోవాలి.

చెల్లెలు బిరి వచ్చి ఎదురుగా కూర్చుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. రాజధాని లీమా నుంచి వచ్చిన వ్యాపారికి అమ్మ పాత లంగా పరిచి ఫోటోలు తీయనిచ్చింది ఈ మహాతల్లే. ఇప్పుడు ఆ గీతలే దుప్పట్ల మీద అచ్చయి పుకాల్పా పట్నం బజారులో వేలాడుతున్నాయి.

"అక్కా, చెట్టు బెరడు రంగు ఇటు జరుపు."

"నీకు రంగెందుకే? అచ్చేసే మిషనుందిగా."

"ఎన్నాళ్ళు సాధిస్తావ్? మన పేరు నలుగురికీ తెలుస్తుందన్నాడు, నమ్మాను."

"బాగానే తెలిసింది. అమ్మ గీతల మీద ఎవడో కాళ్ళు చాపుకుని గురక పెడుతున్నాడు. ఒక్క దుప్పటి మీదైనా అమ్మ పేరుందా?"

"నోళ్ళు మూసుకుని పాట వినండి," అంది అమ్మ.

పాడింది. నేను విన్నానా? లేదు. బట్ట చిరిగేలా పుల్లతో గీశాను. బిరి ముక్కు ఎగబీలుస్తూ గీసింది. మధ్యకొచ్చేసరికి నా గీతలు ఒక దారి, తన గీతలు ఒక దారి. నడుమ బెత్తెడు ఖాళీ.

"నీ వల్లే," అన్నాను.

"నీ వల్లే," అంది బిరి.

అమ్మ ముక్కు ఆనేంతగా వంగి చూసింది.

"ఉతికేసి మళ్ళీ గీస్తాం అమ్మా," అంది బిరి.

ఉతకొచ్చు. ఏటి మట్టి పూయనంతవరకే. పూస్తే గీత నల్లబడి ఇక చెరగదు. అమ్మ మట్టి ముద్ద తీసి నా చేతిలో పెట్టింది.

"పూయి."

"కలవలేదమ్మా."

"కనిపిస్తోంది. వాడు ఎత్తుకుపోయింది గీతలే. పాట ఇక్కడే ఉంది. దాన్ని మీరిద్దరూ పోగొట్టారు. నన్ను పాతిపెట్టే రోజు ఈ ఖాళీ ఊరంతా చూడనీ. పూయి."

పూశాను. అటు నుంచి బిరి పూసింది. ఏట్లో కడిగితే గీతలు నల్లగా తేలాయి. ఖాళీ తెల్లగా అలాగే ఉంది.