గుర్రపుశాలలో కాపురం

దూలాలు పుచ్చి, పన్నులు పెరిగి, పెద్ద బంగళాని కూల్చేయక తప్పలేదు. అన్నలిద్దరూ యుద్ధంలో పోగా ఆ వంశానికి మిగిలిన డొరోథియాకు తలదాచుకోవడానికి గుర్రపుశాల ఒక్కటే మిగిలింది.

తాతలనాటి ఆ కట్టడం మాత్రం బీటవారలేదు. ముందు రాతి కమాను, దానిమీద గడియారపు గోపురం, లోపల ముంగిలి, ముంగిలికి నాలుగువైపులా ఇటుక వంపుల కింద గుర్రాల కొట్లు. వాటన్నిటిలో ఇప్పుడున్నది బ్రాంబుల్ ఒక్కతే. గుడ్డి ఆడగుర్రం. దాన్ని చూసుకునే ముసలి పాస్క్ కొట్ల పైనున్న అటకమీద ఉంటాడు.

"వంటిల్లు ఎక్కడ పెడతారు చిన్నమ్మగారూ?" అన్నాడు పాస్క్.

"బ్రాంబుల్ కొట్లో. నీళ్ల గొట్టం అక్కడే ఉంది కదా."

"ఆవిడతో చెప్పారా మరి? ఇంటావిడ ఆవిడే!"

డొరోథియాకు నవ్వు రాలేదు. "దాన్ని ఎవరైనా పెంచుకుంటారేమో..."

"పళ్లూడిన గుడ్డిదాన్నా? గుర్రాల్ని కోసి కుక్కలకు మాంసం అమ్మేవాడు పెంచుకుంటాడు. వాడి చేతికెందుకు, నేనే చూసుకుంటాలెండి."

మర్నాడు దాన్ని వెనక పొలంలోకి తోలుకెళ్లి తుపాకీతో కాల్చాలనుకున్నాడు. బ్రాంబుల్ కమాను దాకా వచ్చి నిలబడిపోయింది. ఎదురుగా బంగళా ఉన్నన్నాళ్లూ అటునుంచి గాలి వచ్చేది కాదు. ఇప్పుడు చల్లగా ముఖాన కొడుతోంటే చెవులు వెనక్కి వాల్చి వణుకుతోంది. ఎంత బతిమాలినా అడుగు వెయ్యలేదు.

"పట్టుకోండమ్మా, కాస్త," అంటూ పాస్క్ తాడు అందించాడు. డొరోథియా పట్టుకుంది. చిన్నప్పుడు తనకు స్వారీ నేర్పించినవాడు, తలెత్తి చూడకుండా తుపాకీ ఎక్కుపెట్టాడు. కమాను కింద ఆ చప్పుడు పిడుగులా మోగింది. తాడు ఆమె అరచేతుల్ని కోసుకుంటూ జారిపోయింది.

సాయంత్రం ఆమె మొదటిసారి అటకెక్కింది. నిలబడితే తల కప్పుకు తగులుతోంది. పొయ్యి లేదు. కిటికీ లేదు, గాలికోసం గోడలో వదిలిన సందు తప్ప. కింద గుర్రాలకేమో చెక్కిన స్తంభాలు, నున్నటి గోడలు. పాస్క్ యౌవనం నుంచీ ఇక్కడే ఉన్నాడు. ఇప్పుడు మూట కట్టుకుంటున్నాడు.

"ఎక్కడికి పాస్క్?"

"మా చెల్లెలి దగ్గరికి, పట్నం."

"వెళ్లకు. కింద మంచి గది ఇస్తాను, పొయ్యి పెట్టిస్తాను."

"ముందే ఇచ్చుంటే ఉండేవాణ్ణేమో చిన్నమ్మగారూ. ఇప్పుడు కింద నాకు నిద్రపడుతుందా?"

అందులో కోపం లేదు. అదే ఆమెను ఎక్కువ బాధించింది.

ఆ చలికాలంలోనే పాస్క్ దగ్గుతో పోయాడని కబురొచ్చింది. వాన పడ్డప్పుడల్లా వంటింటి నేలలోంచి గుర్రపు మూత్రపు వాసన పైకొచ్చేది. సిమెంటు పోయించినా పోలేదు. కిటికీలు తెరుద్దామంటే అవి ఎండ గుర్రాల కళ్లలో పడకుండా ఎత్తున పెట్టినవి. బల్ల దగ్గర కూర్చుని చూస్తే బూడిదరంగు ఆకాశం తప్ప ఏమీ కనబడదు. ఆమె ఒక్కతే అక్కడ కూర్చుని టీ తాగేది.