నాలుగు నిమిషాల అబద్ధం

నేను ఒక గోడ గడియారాన్ని. సరిగ్గా నా కిందే నిలబెట్టి ఒక అమ్మాయి చేత రాజీనామా రాయిస్తున్నారు. తప్పు నాది. నాకు నోరు లేదు.

గేటు బయట మూడు టీవీ బండ్లు, గడప దగ్గర డైరెక్టర్ పిలిపించిన విలేకరి. కొండ కింద జనం పిల్లాజెల్లాతో బడి మైదానంలో కూర్చున్నారు. పది అంతస్తుల మేడంత రాయి ఇరవై ఆరు రోజుల్లో భూమి మీద పడవచ్చని నిన్నంతా టీవీలు హోరెత్తించాయి. ఆ లెక్కకు ఆధారం మా తుమ్మలకొండ పరిశోధనశాల పంపిన కొలతలు. తెల్లవారేసరికి పరాయి దేశాలవాళ్లు వెతికితే, మేం చెప్పిన చోట రాయి లేదు. కాస్త ముందుకు వెళ్లిపోయి ఉంది. భూమికి దూరంగానే పోతుందట. గండం తప్పింది. ఇక ఇంతమందిని హడలగొట్టిందెవరో తేలాలి.

నేను మొదటినుంచీ ఇలాంటిదాన్ని కాను. రోజుకు అర సెకను తేడా వచ్చినా నన్ను చేసిన మేస్త్రి విప్పి మళ్లీ బిగించాడు. ముప్పై ఏళ్లు దుర్భిణి పక్కనే బతికాను. గ్రహణాలకూ తోకచుక్కలకూ నా మాటే ప్రమాణం. కంప్యూటర్లు వచ్చాక నన్ను తెచ్చి హాజరు పట్టీ పైన మేకుకు తగిలించారు. నిరుడు నా ముల్లును నాలుగు నిమిషాలు ముందుకు తోశారు. మనుషులు చిత్రమైనవాళ్లు. వారం తిరక్కుండా అందరూ నన్ను చూసి మనసులో నాలుగు తీసేసుకోవడం నేర్చుకున్నారు. అబద్ధమాడటం నాకూ అలవాటైపోయింది.

రాజీనామా రాస్తున్న ఈ నీలోఫర్‌కు మాత్రం ఆ సంగతి తెలియదు. ఆమె ఉద్యోగంలో చేరిన రెండో రోజే పిడుగు పడి కంప్యూటర్ గడియారం చెడిపోయింది. ఫోన్లు గేటు దగ్గర పెట్టెలో వదిలి రావాలన్నది నియమం. నా ఇత్తడి పలక మీద 'పరిశోధన గడియారం' అన్న పాత అక్షరాలు చదివి, రాత్రుళ్లు నన్ను దించి దుర్భిణి పక్కన పెట్టుకుంది, తెల్లవారుజామున మళ్లీ మేకుకు తగిలించింది. ప్రతి ఫొటోకూ నా సమయమే రాసుకుంది. నాలుగు నిమిషాల్లో ఆ రాయి మూడు వేల కిలోమీటర్లకు పైగా పరుగెడుతుంది. అంత నమ్మకంగా నన్ను చూసి ఎన్నేళ్లయిందో! సిగ్గుతో ఆగిపోవాలనుకున్నాను. ఆగలేదు.

"'నా అజాగ్రత్త వల్ల' అని రాయమ్మా," అన్నాడు డైరెక్టర్ పరాంకుశం. "వచ్చి వారం కాలేదు, పరువు తీశావు."

"నాలుగుసార్లు సరిచూశాను సార్. ఎక్కడ తప్పు జరిగిందో తెలియకుండా ఎలా రాయను?"

"కళ్లు నీవి, లెక్క నీది. ఇంకెవరిది తప్పు?"

ఇంతలో కొండ మీదికి పది గంటల బస్సు హారన్ కొట్టుకుంటూ వచ్చింది. నీలోఫర్ తలెత్తి నన్ను చూసింది. పదీ నాలుగు.

"బస్సు లేటా ఓబులేసన్నా?"

"ఆ డ్రైవరు నిమిషం తప్పడు తల్లీ," అన్నాడు అటెండర్ ఓబులేసు, టీ గ్లాసులు సర్దుతూ. "మన గడియారమే ముందుండేది. మేమంతా నాలుగు తీసేసుకుంటాం గదా."

కలం ఆగింది.  "రాత్రుళ్లు దీన్నే దించుకుని ఫొటోలకు ఈ టైమే రాశాను. ఎవరు తిప్పారన్నా?"



"అదంతా ఇప్పుడెందుకు? ముందు సంతకం పెట్టు," అన్నాడు పరాంకుశం.

ఓబులేసు గ్లాసులు కింద పెట్టాడు. స్టూలెక్కి నన్ను దించి, బిడ్డను ఎత్తుకున్నట్టు పట్టుకున్నాడు.  "ఈ చేత్తోనే తిప్పినా తల్లీ. ఆ సిగ్గు నాది. నువ్వు దీన్ని దించుకున్న సంగతి నాకు తెలీదు."

"ఓబులేసూ! నోర్ముయ్!"

"మూసుకునే ఉంటి గదా సార్, ఇంతసేపూ."

గడప దగ్గర మైకు పట్టుకున్న విలేకరి ముందుకు వంగాడు. "తిప్పమన్నదెవరు పెద్దాయనా?"



"తొమ్మిదికి ఒక్కరూ వస్తాండ్లేదు, ముల్లు ముందుకు తోయ్‌రా అన్నాడు," అన్నాడు ఓబులేసు. "మా డైరెక్టరు. పరాంకుశం సారు."