థాయిలాండ్‌లో తల ముట్టుకోరాదు

షాలేమ్ రాజు గారి చెయ్యి ఎప్పుడు ఎవరి తల మీద పడుతుందో చెప్పలేం. పరీక్ష ఉందంటే పడుతుంది. జలుబు చేసిందంటే పడుతుంది. వర్క్ పర్మిట్‌కి అప్లై చేశానన్నామా, రెండు చేతులూ పడతాయి. ఆయన కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారంటే పొయ్యి మీద పాలు పొంగినా ఆపరు. కెనడాలోని సస్కటూన్‌లో వాళ్ళింటి బేస్‌మెంట్‌లో నేను అద్దెకు దిగి ఏడాదిన్నర అవుతోంది. పొద్దున్నే అద్దం ముందు నిలబడి అల్లుకున్న జడ ఆయన చేతి కింద ఎన్నిసార్లు చెదిరిపోయిందో నాకే తెలియదు. చెయ్యి పెట్టనా అమ్మా అని ఒక్కసారైనా అడిగిన పాపాన పోలేదు. నాకు ఒళ్ళు మండేది. కానీ పెద్దాయన. పైగా నేను ఈ ఊళ్ళో దిగిన మొదటి వారం నాకు అన్నం పెట్టిన ఇల్లు. పళ్ళు కొరుక్కుంటూ తల వంచేదాన్ని.

ఆయనది నర్సాపురం. యూనివర్సిటీలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యారు. చర్చిలో సంఘపెద్ద. ఆయన భార్య సంతోషం ఆంటీ వృద్ధుల హోమ్‌లో పనిచేస్తుంది. నేను జగిత్యాల నుంచి పంటల మీద మాస్టర్స్ చేయడానికి వచ్చి, చదువు లేని పూటల్లో ఒక థాయి రెస్టారెంట్ వంటగదిలో కూరగాయలు తరుగుతుంటాను.

ఆ నవంబరులో ఒక ఆదివారం అంకుల్ కాగితం, పెన్నూ పట్టుకుని నా ముందు కూర్చున్నారు.

"దమయంతమ్మా, నువ్వు థాయి వాళ్ళ దగ్గర పనిచేస్తన్నావు కదా. ఆ దేశంలో ఎలా మసులుకోవాలో ఓ కాయితం మీద రాసి పెట్టమ్మా. జనవరిలో మేం చియాంగ్ మాయ్ వెళ్తన్నాం."

"నేను అక్కడ ఉల్లికాడలు తరుగుత, అంకుల్. థాయిలాండ్ నేనెప్పుడు చూసిన?"

"నాకంటే నయమే కదా."

ఎందుకు వెళుతున్నారో ఆయన చెప్పలేదు. ఆ సాయంత్రం గిన్నెలు తోముతూ ఆంటీ చెప్పింది. వాళ్ళకి ఒక్కతే కూతురు, ఫేబీ. ఇంగ్లీషు టీచరుగా చియాంగ్ మాయ్ వెళ్ళి, అక్కడ ఒక థాయి అబ్బాయిని ఇష్టపడింది. నాలుగేళ్ళ క్రితం పెళ్ళికి ముందు ఇంటికొచ్చి నాన్నకు చెప్పింది. మన విశ్వాసం కాని వాడితో పెళ్ళేమిటని ఆయన ఒప్పుకోలేదు.

"వెళ్ళిపోయే రోజు సూట్‌కేసు గుమ్మం దగ్గర పెట్టి, వాళ్ళ డాడీ ముందు తల వంచిందమ్మా" అంది ఆంటీ. "చిన్నప్పట్నుంచీ అలవాటు దానికి. స్పెల్లింగ్ టెస్టుకి కూడా అలాగే వంచేది. ఈయన చెయ్యి ఎత్తలేదు. జేబులో పెట్టుకుని అలాగే నిలబడ్డారు. అది చాలాసేపు చూసింది. తర్వాత బూట్లు వేసుకుని వెళ్ళిపోయింది."

ఆ తర్వాత తండ్రీకూతుళ్ళకు మాటల్లేవు. ఫోనంతా అమ్మతోనే. ఇప్పుడు ఫేబీకి పాప పుట్టి అయిదు నెలలు. డాడీ వస్తానంటే తీసుకురమ్మని కబురు చేసింది. ఆయన అదే రోజు సరేనన్నారు. పాప తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి వస్తానన్నారట. కూతురి గురించి మాత్రం ఒక్క మాటా అనలేదట.

విన్నాక నాకు ఆయన మీద జాలి కలగాలి. కోపమే వచ్చింది. ఊళ్ళో వాళ్ళందరి తలలూ కావాలి ఈయనకి, సొంత కూతురి తల తప్ప! అయినా కాగితం రాయడానికి ఒప్పుకున్నాను. దానికి నా కారణం నాకుంది. హైదరాబాద్‌లో కన్సల్టెన్సీ వాళ్ళు నాకూ ఒక కాగితం ఇచ్చారు. కెనడాలో అందరితో నవ్వుతూ ఉండవలెను, సమయపాలన పాటించవలెను అని అందులో ఉంది. బస్సు దిగాలంటే కిటికీ పక్కనున్న పసుపు తాడు లాగాలని మాత్రం లేదు. నేను వచ్చిన రెండో రోజు ఎక్కిన బస్సులోనే మూడు చుట్లు తిరిగాను. ఆఖరికి డ్రైవరు వెనక్కి తిరిగి, ఎక్కడికమ్మా నువ్వు అన్నట్టు చూశాడు. అప్పుడు వచ్చిన ఏడుపు నాకింకా గుర్తుంది. పైలా పచ్చీసుగా ఉన్న నాకే అంత బెంగ పుడితే, అరవై ఎనిమిదేళ్ళ మనిషి సంగతేమిటి?

మా రెస్టారెంట్‌లో వంటావిడ నోయ్ ఆంటీ. చియాంగ్ మాయ్ దగ్గరి పల్లెటూరు ఆవిడది. ఆవిడ రోట్లో పచ్చిమిరపకాయలు దంచుతూ చెబుతుంటే, నేను తరిగే పని ఆపి ఆర్డరు చీటీల వెనక రాసుకునేదాన్ని. ఇంటికొచ్చి వాటిని తెలుగులో పెద్దక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించేదాన్ని. ఫోన్ సిమ్ ఎయిర్‌పోర్టులోనే తీసుకోండి. కుళాయి నీళ్ళు తాగకండి. ఊళ్ళో ఎర్ర ట్రక్కులు తిరుగుతాయి, చెయ్యెత్తితే ఆగుతాయి, దిగాలంటే పైనున్న గంట నొక్కండి. ఎవరి వైపూ కాళ్ళు చాపి కూర్చోకండి. పొద్దున ఎనిమిదికి, సాయంత్రం ఆరుకి జాతీయగీతం వినిపిస్తే నడుస్తున్న వాళ్ళు నడుస్తున్న చోటే ఆగండి. గొంతు పెంచి మాట్లాడకండి. ఆ ఆఖరి దాని కింద సంతోషం ఆంటీ పెన్నుతో రెండు గీతలు గీసింది.

అంకుల్ మంచి విద్యార్థే. అది ఒప్పుకోవాలి. టాయిలెట్‌లో నీళ్ళ గొట్టం ఉంటుందని చదివి, "పాతికేళ్ళ తర్వాత మనుషుల్లో పడుతున్నానమ్మా" అని పొంగిపోయారు. చేతులు జోడించి పలకరించాలంటే, "ఇది మన వందనమే కదా, దీనికి పాఠమెందుకు" అన్నారు. అక్కడ బళ్ళు ఎడమ పక్కన పోతాయి కాబట్టి రోడ్డు దాటేటప్పుడు ముందు కుడివైపు చూడాలని రాశాను. దాన్ని ఆయన ఇక్కడే సాధన చేయబోతే, ఎయిత్ స్ట్రీట్ మీద ఆంటీ ఆయన జాకెట్ టోపీ పట్టుకుని వెనక్కి లాగాల్సి వచ్చింది.

డిసెంబరు మొదటి వారంలో నోయ్ ఆంటీ అడిగింది, మీ అంకుల్ ఎలాంటి మనిషి అని. ఎలాంటి మనిషో చెప్పడం దేనికి, చూపిస్తే పోలా అనుకుని, చేతులు కడుక్కుని, కళ్ళు మూసుకుని, ఆవిడ తల మీద చెయ్యి పెట్టబోయాను. ఆవిడ రోకలి వదిలేసి రెండడుగులు వెనక్కి వేసింది. తలంటే మాకు ఒంట్లో అన్నిటికన్నా పైనుండేది, పెద్దది, ఎవరు పడితే వాళ్ళు ముట్టుకోరు అని చెప్పింది. తెలియక ముట్టుకుంటే మొహం మీద ఏమీ అనరట గానీ మనసులో కష్టపడతారట. వియ్యపురాలి తల మీద ఈయన చెయ్యి పెట్టి పది నిమిషాలు ప్రార్థన చేయడం నాకు కళ్ళ ముందు కనిపించింది.

మరి మనవరాలి తల?

తాతే కదా, చాలా ఇళ్ళలో ఏమీ అనుకోరు, అయినా ముందు అడగమను, అంది నోయ్ ఆంటీ. అడగడానికి మాట కూడా నేర్పింది. డాయ్ మయ్. చెయ్యవచ్చా, అని అర్థం. దేనికైనా అదొక్కటి చాలట. కుర్చీలో కూర్చోవడానికి, ఫొటో తీయడానికి, ఇంకో ముద్ద పెట్టించుకోవడానికి. చేయవచ్చు అనాలంటే డాయ్. మర్యాదకి చివర ఆడవాళ్ళయితే ఖా అని, మగవాళ్ళయితే ఖ్రప్ అని చేర్చాలి.

తల సంగతి రాసిన కాగితం రెండు రోజులు నా బ్యాగులోనే ఉంది. మూడో రోజు రాత్రి భోజనాల దగ్గర బయటపెట్టాను. అంకుల్ చదివారు. మళ్ళీ చదివారు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"తల ముట్టుకోకూడదా? మరి నేనెళ్ళి ఏం చెయ్యనమ్మా?"

"ముట్టుకోవచ్చు, అంకుల్. అడిగి ముట్టుకోవాలె. గంతే."

"దీవెన ఇవ్వడానికి పర్మిషన్ ఏంటమ్మా? ఎవరైనా వద్దంటారా? ఇన్నేళ్ళలో నేను ఎవర్నీ అడగలేదు."

అక్కడ నేను నోరు మూసుకుని ఉండాల్సింది. ఉండలేదు.

"అవును, అడగలేదు. నా తల మీద ఇన్నిసార్లు చెయ్యి పెట్టిన్రు, ఒక్కసారన్న అడిగిన్రా? పెట్టమని తల వంచిన పిల్లకేమో పెట్టకపోతిరి. వద్దనుకునేటోళ్ళకు అడగకుంట పెడ్తరు!"

సింకు దగ్గర కుళాయి ఆగిపోయింది. ఆంటీ ఇటు తిరగలేదు. అంకుల్ కంచంలో చెయ్యి కడుక్కుని గదిలోకి వెళ్ళిపోయారు. నేను బేస్‌మెంట్‌లోకి దిగి దుప్పటి కప్పుకుని, నాకెందుకొచ్చిన గొడవ ఇదంతా అని నన్ను నేనే తిట్టుకున్నాను. అన్నం ముందు కూర్చున్న పెద్దమనిషిని అన్న మాటలా అవి? సిగ్గేసింది. కానీ వెనక్కి తీసుకోవాలనిపించలేదు, అబద్ధమెందుకు.

రెండు రోజులు ఇంట్లో ఎవరూ సరిగ్గా మాట్లాడుకోలేదు. మూడో రోజు పొద్దున నా తలుపు ఎవరో తట్టారు. ఆ ఇంట్లో అంకుల్ తలుపు తట్టడం అదే మొదటిసారి. ఎప్పుడూ మెట్ల మీదనుంచే పిలుస్తూ సరాసరి వచ్చేసేవారు. తీస్తే, చేతిలో నా కాగితంతో నిలబడి ఉన్నారు.

"ఆ మాట ఇంకోసారి చెప్పమ్మా. డాయ్ తర్వాత ఏంటి?"

అప్పటినుంచి ఇల్లంతా డాయ్ మయ్ అయిపోయింది. రెండో కప్పు కాఫీకి డాయ్ మయ్. టీవీ చానెల్ మార్చడానికి డాయ్ మయ్. నేను పలికింది వింటూ నేర్చుకున్నారు కాబట్టి చివర ఆడవాళ్ళలాగా ఖా చేర్చడం అలవాటైపోయింది. ఫోన్‌లో విన్న నోయ్ ఆంటీ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది. ఎన్నిసార్లు సరిదిద్దినా తొందరలో ఖా అనే వచ్చేది. సంతోషం ఆంటీ మాత్రం, "ముప్పై ఆరేళ్ళ కాపురంలో ఈయన నన్ను ఒకటి అడగడం ఇప్పుడే చూస్తున్నా, ఏదన్నా అననీ" అంది.

కానీ నేను గమనిస్తూనే ఉన్నాను. కాఫీకి అడిగారు, కుర్చీకి అడిగారు. తల మీద చెయ్యి పెడతానని మాత్రం ఎవరినీ అడగలేదు. అసలు చెయ్యి పెట్టడమే మానేశారు. నా పరీక్షలు వచ్చి వెళ్ళిపోయాయి, జడ చెక్కుచెదరలేదు.

జనవరిలో వాళ్ళు బయల్దేరిన పొద్దున బయట మైనస్ ముప్పై రెండు. టాక్సీ గుమ్మం ముందు పొగలు కక్కుతోంది. కోటు గుండీలు పెట్టుకుంటున్న అంకుల్ దగ్గరికి వెళ్ళి, ఎప్పటి అలవాటో, నాకు తెలియకుండానే తల కొంచెం వంచాను. ఆయన చెయ్యి లేచింది. సగంలో ఆగింది. ఆ చేతికి రెండో చెయ్యి జోడించి, "వందనాలమ్మా, ఇల్లు జాగ్రత్త" అని వెళ్ళి కార్లో కూర్చున్నారు. నన్నే అడగలేని మనిషి అక్కడికెళ్ళి ఏం అడుగుతారని భయమేసింది. ఫేబీ ముందు మళ్ళీ చేతులు జేబులో పెట్టుకుంటే? కాగితం రాసిందాన్ని నేనే. తల ముట్టుకోరాదని రాశావు కదమ్మా, అనడానికి ఆయనకు నేనే సాకు అందించినట్టయింది.

వాంకూవర్, తైపీ మీదుగా రెండు రోజుల ప్రయాణం. మూడో రోజు సాయంత్రం నేను రెస్టారెంట్‌లో క్యాబేజీ తరుగుతుంటే సంతోషం ఆంటీ నుంచి వీడియో వచ్చింది. ఎయిర్‌పోర్టులో అల్లుడు తీసినదట. నోయ్ ఆంటీ చేతులు ఏప్రన్‌కి తుడుచుకుని నా భుజం పక్కనుంచి తొంగి చూసింది.

అంకుల్ ట్రాలీ నెట్టుకుంటూ వచ్చారు. వియ్యంకుడికి, వియ్యపురాలికి చేతులు జోడించి, నేను రాసినట్టే తల కాస్త వంచి నమస్కరించారు. నోయ్ ఆంటీ బాగుందన్నట్టు తలూపింది. వియ్యపురాలు ఉన్ని టోపీ పెట్టిన పాపను ఆయన ముందుకు తెచ్చింది. ఆయన పాపను చూశారు. ముట్టుకోలేదు. పక్కకు తిరిగారు. అక్కడ, అందరికీ కొంచెం వెనగ్గా, చేతులు కట్టుకుని ఒకమ్మాయి నిలబడి ఉంది. తండ్రి ముక్కే.

అంకుల్ చెయ్యి జేబులోకి పోయింది. నా చేతిలో కత్తి ఆగిపోయింది. జేబులోంచి ఆ చెయ్యి బయటికొచ్చింది, మెల్లగా లేచింది, ఆవిడ తలకు జానెడు దూరంలో గాల్లో ఆగిపోయింది. 

"డాయ్ మయ్... డాయ్ మయ్ ఖా, ఫేబీ?"

ఖ్రప్ అనడం మళ్ళీ మరిచిపోయారు. ఎవరూ నవ్వలేదు. ఫేబీ ఆ చేతిని చూస్తూ ఉండిపోయింది. ఎయిర్‌పోర్టులో ఏదో విమానం గురించి చెప్పడం మొదలై, అయిపోయింది కూడా. అప్పుడు ఆవిడ కట్టుకున్న చేతులు విప్పింది.

"డాయ్ ఖా, డాడీ" అని తల వంచింది.

నోయ్ ఆంటీ ఏప్రన్ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. నాకు క్యాబేజీ తరిగినా కళ్ళలో నీళ్ళొస్తాయని ఆ రోజే తెలిసింది. అంకుల్ కళ్ళు మూసుకుని మొదలుపెట్టారు. వీడియో ఆరు నిమిషాలుంది. అది అయిపోయేసరికి ప్రార్థన ఇంకా అవలేదు.

ఇంటికి వెళ్ళే బస్సులో ఆంటీకి మెసేజ్ పెట్టాను: "అంకుల్ తిరిగొచ్చినంక నన్ను కూడ ఒకసారి అడగమనుండ్రి." పంపించి, తాడు లాగి, మా స్టాపులో దిగాను.