క్యూలో ఒకటో నంబరు

మా అక్క సీవ్ దృష్టిలో స్టాక్‌హోమ్ బయట బతికేవాళ్ళంతా ఏదో తప్పు చేసి వెళ్ళగొట్టించుకున్నవాళ్ళే. నేను పదకొండేళ్ళుగా ఫ్లెన్ అనే చిన్న ఊళ్ళో ఉంటున్నాను. రోజూ పొద్దున్నే రైలెక్కి, గంట కూర్చుని నగరానికి వెళ్ళి, ఒక దంతాల ల్యాబులో జనానికి పళ్ళు తయారుచేసి, సాయంత్రం మళ్ళీ రైలెక్కి ఇంటికొస్తాను. ఇందులో తప్పేముందో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ అక్క ఫోన్ చేసిన ప్రతిసారీ, ఆసుపత్రిలో చేరినవాళ్ళని అడిగినట్టు, "ఇంకా అక్కడే ఉన్నావా?" అని అడుగుతుంది.

ఆవిడ కోపానికి కారణం నా క్యూ. నగరంలో అద్దె ఇల్లు కావాలంటే జేబులో ఎంతుందని ఎవరూ అడగరు, క్యూలో ఎన్ని రోజులున్నావని అడుగుతారు. పద్దెనిమిది నిండిన రోజు నుంచి నిలబడొచ్చు. ఎన్ని రోజులు నిలబడితే అంత ముందుంటాం. ఇల్లు తీసుకున్నామా, కూడబెట్టిన రోజులన్నీ సున్నా. మా అమ్మ నా పద్దెనిమిదో పుట్టినరోజున నేనింకా కొవ్వొత్తులు ఆర్పకముందే నా పేరు రాయించేసి, ఆ నంబరున్న కాగితాన్ని కవర్లో పెట్టి కానుకగా ఇచ్చింది. అప్పటినుంచి ఇరవై రెండేళ్ళు, అంటే ఎనిమిది వేల చిల్లర రోజులు. నా పెళ్ళి అందులో నాలుగో వంతు కూడా నిలవలేదు.

జనవరిలో ఒకరోజు పొద్దున దారిలో గ్నెస్టా దగ్గర గుర్రమంత దుప్పి ఒకటి పట్టాల మీదికొచ్చి కదలనంది. మూడు గంటలు ఆగిపోయాం. ఆ రోజు సాయంత్రం పెళ్ళికి వెళ్ళాల్సిన ఒకాయన ముందుపళ్ళు నా బల్ల మీదే ఉండిపోయాయి. పాపం, ఆయన ఫొటోలన్నిట్లోనూ నోరు మూసుకునే ఉన్నాడట. ఈ సంగతి అక్కకి చెప్పడం నాదే పొరపాటు.

"నీకు బుద్ధుందా ఇల్వా? ఇరవై రెండేళ్ళ క్యూ చేతిలో పెట్టుకుని దుప్పులతో తగువేంటే?"

"తగువేం లేదు. నేను రైల్లో కూర్చున్నానంతే."

"అదే నేనూ అంటున్నా. నీ బతుకంతా రైల్లో కూర్చోవడమే అయిపోయింది."

మార్చిలో నగరం శివార్లలోని హోకరాంగెన్ నుంచి పిలుపొచ్చింది. రెండు గదులు, మూడో అంతస్తు, చిన్న బాల్కనీ. మంగళవారం అయిదున్నరకి వచ్చి చూసుకోవాలి, గురువారం మధ్యాహ్నంలోగా జవాబు చెప్పాలి. క్యూలో నా స్థానం ఒకటి. అక్కకి చెప్పగానే, "ఈసారి కూడా వద్దన్నావంటే నాతో మాట్లాడకు," అంది. అన్నంత పనీ చేసే మనిషి. తీసుకుంటే ఫ్లెన్ ఇల్లు అమ్మేయాలి, తీసుకోకపోతే ఉన్న ఒక్క అక్కనీ పోగొట్టుకోవాలి. చలికాలమంతా రైళ్ళ ఆలస్యంతో విసిగి ఉన్నాను కాబట్టి, ఈసారి నిజంగానే తీసుకుందామనుకున్నాను.

మంగళవారం ల్యాబు గుమ్మం దాటుతూనే గడియారం చూసుకున్నాను. మెట్రోలో నిలబడే వెళ్ళాను. ఎవరో పొడుగాయన చంక కింద నా తల, నా కాలి మీద ఇంకెవరిదో కాలు. ఇంటి గుమ్మానికి చేరేసరికి నలభై నిమిషాలు. ఫ్లెన్‌లో నా గుమ్మం నుంచి ల్యాబుకి గంటా ముప్ఫై అయిదు. దాదాపు గంట తేడా, అటొకటి, ఇటొకటి. కాదనను. కానీ ఆ రైలు గంటలో నేను కిటికీ పక్కన కూర్చుని ఫ్లాస్కులో కాఫీ తాగుతాను, బ్రెడ్డు మీద చేపగుడ్ల పేస్టు రాసుకుని తింటాను, పుస్తకం చదువుతాను, బుద్ధి పుడితే నిద్రపోతాను. దాన్ని పోయిన గంట అని ఎవరంటారు? మా అక్క అంటుంది.

గుమ్మం బయట పదిహేను జతల బూట్లున్నాయి. నావీ విప్పి, మేజోళ్ళతో లోపలికి వెళ్ళాను. ఇంటి యజమాని తరఫు మనిషి జాబితాలో వెతికి, "ఒకటి!" అని కాస్త గట్టిగానే అని టిక్కు పెట్టాడు. ఎవరూ నావైపు చూడలేదు. మా జనం మర్యాదస్తులు, కడుపుమంటని మొహం మీదికి రానివ్వరు. ఒకరి తర్వాత ఒకరు వెళ్ళి ఓవెన్ తలుపు తీసి లోపల తొంగిచూస్తున్నారు. ఇల్లు చూడడమంటే మాకు అదే. నేనూ తీసి చూశాను. ఖాళీగా ఉంది.

బెడ్‌రూంలో అరవై దాటిన ఒకాయన టేపు పట్టుకుని గోడ కొలుస్తున్నాడు. నన్ను చూసి టేపు చుట్టేశాడు.

"నాది రెండో నంబరు. ఫోల్కే," అన్నాడు. "మిమ్మల్ని గుర్తుపట్టాను. పోయిన వసంతంలో హోగ్‌డాలెన్‌లో ఇల్లు చూపించినప్పుడు చూశాను. అప్పుడూ మీరే ఒకటి."

"అయ్యుండొచ్చు."

"అప్పుడు నాది అయిదు. అంతకుముందు బాగర్‌మోసెన్‌లో కూడా మీరే ఒకటి. రెండూ వద్దన్నారు."

"అది నా ఇష్టం కదండీ?"

"ముమ్మాటికీ మీ ఇష్టమే. నేను మూడేళ్ళలో నాలుగు ఇళ్ళు మారాను. అన్నీ ఎవరో ఊరెళ్తే వాళ్ళ ఇంట్లో కొన్నాళ్ళు ఉండడమే." ఆయన గొంతులో కోపం లేదు, అందుకే నాకు ఇంకా ఒళ్ళు మండింది. "ఒక్కటి అడగనా? మీకు ఇల్లు కావాలా, ఒకటో నంబరు కావాలా?"

మా దేశంలో క్యూలో ముందున్నవాళ్ళని ఇలా అడగడం మహాపాపం. నాకు చెంప మీద కొట్టినట్టయింది. "మీ గోడ మీరు కొలుచుకోండి," అనేసి బయటికొచ్చి, బూట్ల తాళ్ళు కూడా కట్టుకోకుండా మెట్లు దిగేశాను.

రైల్లో దారి పొడుగునా ఆయన్ని తిట్టుకుంటూనే ఉన్నాను. సోడర్‌తాల్యా దాటాక తిట్లు అయిపోయాయి. ఆయన అడిగింది నిజం. నాకు ఏ ఇల్లూ అక్కర్లేదు. ఒక తలుపు తెరిపించి, పదిహేను మంది మధ్య "ఒకటి!" అనిపించుకుని, వద్దనేసి రావడం నాకు బాగుండేది. కావాలంటే ఎప్పుడైనా వెళ్ళిపోగలను అని తెలిస్తే చాలు నాకు. ఇలాంటి పిచ్చి ఇరవై రెండేళ్ళు క్యూలో నిలబడ్డవాళ్ళకే పడుతుంది.

ఇంటికొచ్చి లైటు వేసి చుట్టూ చూశాను. బెడ్‌రూం గోడ మీద పాత యజమాని అంటించిన తెరచాప పడవల బొమ్మల కాగితం. మొదటి రోజు నుంచీ నాకు అసహ్యం, ఇంతవరకూ పీకలేదు. మెట్ల కింద విప్పని అట్టపెట్టెలు ఏడు. పక్కింటి ఇంగెగెర్డ్ ఊరి పాటల బృందంలోకి రమ్మని మూడేళ్ళు పిలిచి పిలిచి మానేసింది. పిలిచినప్పుడల్లా నేను చెప్పిన జవాబు ఒక్కటే, ప్రస్తుతానికి ఇక్కడున్నానండీ అని. పదకొండేళ్ళ ప్రస్తుతం! ఫ్లెన్‌లో బతుకుతూ ఫ్లెన్‌కి ఒక్కరోజు కూడా ఇవ్వలేదు నేను. రోజులన్నీ తీసుకెళ్ళి ఆ క్యూలో వేశాను. నా మీద నాకే వచ్చిన కోపానికి ఆ రాత్రి భోజనం కూడా సహించలేదు.

గురువారం పదకొండింటికి ల్యాబులో కంప్యూటర్ ముందు కూర్చుని హోకరాంగెన్ వద్దని నొక్కాను. ఫోల్కే మీద జాలితో కాదు. ఆయనకి దక్కితే మంచిదే, కానీ నేను అంత మంచిదాన్ని కాను. అక్కడితో ఆగకుండా ఇంకో పేజీకి వెళ్ళాను. క్యూ నుంచి తప్పుకోవడానికి. మీ రోజులన్నీ పోతాయి, మళ్ళీ రావు, ఖాయమేనా అని అడిగింది. అవునన్నాను. ఇంకోసారి అడిగింది. ఎవడడిగాడు నిన్ను అనుకుంటూ నొక్కేశాను.

వెంటనే అక్కకి ఫోన్ చేశాను.

"వద్దన్నానక్కా."

"తెలుసు. నువ్వింతే." నిట్టూర్చింది. మాట్లాడనని అన్న మనిషి మాట్లాడుతూనే ఉంది. "పోనీలే, ఇంకోటి వస్తుంది. రోజులున్నాయిగా."

"రోజులూ లేవు. క్యూలోంచి పేరు తీసేశాను."

"ఎవరి పేరు?"

"నా పేరే."

మరుక్షణం ఫోను చెవికి దూరంగా పెట్టుకోవాల్సి వచ్చింది. "పిచ్చెక్కిందటే నీకు? వాళ్ళకి ఫోన్ చెయ్యి! పొరపాటున నొక్కానని చెప్పు!"

"రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ అవునన్నా."

"అది అమ్మ ఇచ్చింది కదే!"

ఆ మాట గుచ్చుకుంది. "ఇచ్చింది. నేను ఎక్కడో ఒకచోట స్థిరపడాలనే ఇచ్చింది. స్థిరపడుతున్నా."

"రేపు మోకాళ్ళు పోతే? ముసలిదానివైతే?"

"ఫ్లెన్‌లో ముసలివాళ్ళు లేరనుకున్నావా? ఊరంతా వాళ్ళే."

అక్క నవ్వలేదు. ముక్కు ఎగపీల్చిన చప్పుడు వినపడింది.

"హోకరాంగెన్ మా మెట్రో లైన్లోనే," అంది చివరికి, చాలా చిన్న గొంతుతో. "ఒక్క రైలు. ఆదివారాలు వచ్చేదానివి. నాకిక్కడ ఎవరున్నారే?"

మా అక్క నోటినుంచి ఇలాంటి మాట నేనెప్పుడూ వినలేదు. సరేలే అక్కా, ఏదో ఒకటి చేద్దాం అనాలనిపించింది. అనలేదు. అంటే మళ్ళీ ఇంకో క్యూలో నిలబడ్డట్టే.

"ఇన్నాళ్ళూ నా ఊరిని తిట్టే బదులు ఆ మాటే చెప్పొచ్చుగా."

"చెప్తే వచ్చేదానివా?"

"వచ్చేదాన్ని కాదు."

"చూశావా మరి!"

"నువ్వే రా. రేపు నాలుగున్నర రైలు, మూడో పెట్టె."

"ఫ్లెన్‌కా? నేనా?"

"ఫ్లెన్‌కే. రాకపోతే మానెయ్. నేను మాత్రం ఇక ఎక్కడికీ రాను."

టక్కున పెట్టేసింది.

శుక్రవారం మూడో పెట్టె ఎక్కేసరికి కిటికీ పక్కన మా అక్క కూర్చుని ఉంది. కోటు గుండీలు మెడదాకా పెట్టుకుని, ఒళ్ళో సంచీ గట్టిగా పట్టుకుని, ధ్రువప్రాంతానికి బయల్దేరినదానిలా ఉంది. నావైపు చూడకుండానే అంది, "ఒక్క రాత్రే. చెప్తున్నా."

"అది నా సీటు," అన్నాను. "పక్కకి జరుగు."