ముద్ర లేని పెట్టెలు

పెసరట్టు తిరగేస్తుంటే ముందుగదిలోంచి కొలంబో అనే మాట వినబడింది. శాంభవి చెయ్యి పెనం మీదే ఆగిపోయింది.

"నీకెందుకమ్మా బెంగ? దుబాయ్‌లో మావాడు చేసేదే ఆ పని. వాణ్ణడుగు," అంటోంది అత్తగారు దుర్గాంబ.

వచ్చింది నజీరా. దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చిన శాంభవి మొగుడు రాఘవకి చిన్ననాటి స్నేహితుడు అలీ. అతని చెల్లెలు. తండ్రి పోయాక, అలీ బెంగుళూరు ఉద్యోగం వదలనంటే, విజయవాడ ఆటోనగర్‌లో లారీ కమాన్లు, అదే చక్రాల మీద బరువు మోసే స్ప్రింగు పట్టీలు, చేసే షెడ్డు రెండేళ్ళుగా తనే నడుపుతోంది. మొట్టమొదటిసారి పైదేశం నుంచి ఆర్డరొచ్చింది. కమాన్లు చెక్కపెట్టెల్లో సర్ది కొలంబో పంపాలి.

"అన్నా, ఆ చెక్కకి వేడి పెట్టించి ముద్ర వేయించాలా వద్దా అని ఏజెంటు నన్నే అడుగుతున్నాడు. వేయిస్తే వారం పట్టుద్దంట. ఈ ఓడ తప్పిపోద్ది."

రాఘవ కుర్చీలో వెనక్కి వాలాడు. "కొలంబో ఎంత దూరమమ్మా, బందరు పోయొచ్చినట్టే! ముద్రలూ గిద్రలూ ఎవడు చూస్తాడు? లోడ్ చేయించెయ్."

తప్పు. చెక్కలో దాగిన పురుగు దేశం దాటకూడదని వేడి పెట్టిన గుర్తుగా పెట్టె మీద గోధుమకంకి ముద్ర అడుగుతారు. అది లేకపోతే సరుకు రేవు దాటదు. దుబాయ్‌లో జెబెల్ అలీ రేవు పక్కన ఆఫీసులో పదేళ్ళుగా శాంభవి చూసే పని అది. కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజు ఆమె నేర్పే పాఠమే అది. అట్లకాడతోనే గుమ్మం దాకా వచ్చింది. దుర్గాంబ తలెత్తి చూసి, "అట్టు మాడుతున్నట్టుందే," అంది. నవ్వుతూనే అంది. శాంభవి వెనక్కి వెళ్ళింది. అట్టేమీ మాడలేదు.

ఈ అబద్ధం ఒక్కరోజులో పుట్టలేదు. మంగళగిరిలో మగ్గం నేసే ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి శాంభవి. ఉద్యోగమొచ్చి ముందు దుబాయ్ వెళ్ళింది తను. తన వీసా మీద ఏడాది తర్వాత వచ్చాడు రాఘవ. ఏడు నెలలు పని దొరకలేదు. అప్పుడే అత్తగారు ఫోన్ చేసింది. "ఇక్కడ నలుగురూ అడుగుతున్నారు. వాడు కంటైనర్ల కంపెనీలో మేనేజరని చెప్పాను. నువ్వు కాదనకు. నీకు జీతం ఉందిగా తల్లీ, వాడికి పేరన్నా ఉండనీ." మాటేగా అనుకుంది శాంభవి. తర్వాత అతనికి ఫోన్ల షాపులో పని దొరికింది. ఆ పనిని ఆమె ఏనాడూ చిన్నచూపు చూడలేదు. కానీ విజయవాడలో అతను మేనేజరుగానే ఉండిపోయాడు, ఆమె 'ఏదో ఆఫీసులో కూర్చునే' మనిషయింది. కంపెనీ వాళ్ళు ఆమెకి బహుమతి ఇస్తున్నప్పటి ఫోటోని "మన ఫ్యామిలీ గ్రూపులో పెట్టకు, అందరూ ప్రశ్నలడుగుతారు," అన్నాడు రాఘవ. పెట్టలేదు. అక్కడితో ఆగినా బాగుండేది. సెలవుకి వచ్చే ప్రతిసారీ విమానంలో పక్కన కూర్చుని, ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో అతనికి నేర్పింది కూడా ఆమే. ఓడకెక్కిన సరుకుకిచ్చే బిల్ ఆఫ్ లేడింగంటే ఏంటి, సరుకు రేవులో ఉండిపోతే డెమరేజ్ ఎప్పుడు పడుతుంది, అన్నీ. అబద్ధం వాళ్ళదే కావచ్చు, దానికి మాటలు కూర్చింది మాత్రం తనే.

మధ్యాహ్నం గదిలో రాఘవకి చెప్పింది. "ముద్ర లేకపోతే ఆపేస్తారు. నజీరాకి ఫోన్ చెయ్యండి."

"పొద్దున ఒకటి చెప్పి ఇప్పుడింకోటి చెప్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను? వెళ్ళిపోద్దిలే."

లోడింగుకి ఇంకా మూడు రోజులుంది. నజీరా నంబరు శాంభవి ఫోన్‌లోనే ఉంది. ఒకసారి తీసి, పేరు చూసి, పక్కన పెట్టేసింది. ఆ మూడు రోజులూ చుట్టాలు, వంటలు, ఉతుకులు. తీరిక లేదని తనకి తను చెప్పుకుంది. ఒక ఫోన్‌కి తీరికెంత కావాలి?

పన్నెండో రోజున నజీరా మళ్ళీ వచ్చింది. కూర్చోలేదు. "కొలంబోలో ఆపేశారన్నా. పెట్టెల మీద ముద్ర లేదంట, వెనక్కి పంపుతామంటున్నారు. చిన్నాన్న రేపటినుంచి షెడ్డు తాళాలు తనకిచ్చెయ్యమన్నాడు. 'ఆడపిల్ల కమాన్లమ్మితే ఇట్టాగే ఏడుస్తది' అన్నాడు, పనోళ్ళందరి ముందూ."

రాఘవ గొంతు సవరించుకున్నాడు. "నేను చెప్పిందేంటి, నువ్వు చేసిందేంటి నజీరా? అన్నీ కనుక్కుని లోడ్ చెయ్యమన్నానుగా!"

నజీరా అతని వంక అయోమయంగా చూసింది. తర్వాత మెల్లగా తల దించుకుంది. "అంతేనేమో అన్నా. నాకే సరిగ్గా అర్థమైనట్టు లేదు."

ఏ తప్పూ చెయ్యని మనిషి శాంభవి ఎదురుగా నిలబడి, ఆ తప్పు తనదేనని నమ్మడం మొదలుపెట్టింది.

"కాఫీ పెట్టమ్మా శాంభవీ," అంది దుర్గాంబ.

శాంభవి కదల్లేదు. "ఆయన లోడ్ చెయ్యమనే చెప్పారు నజీరా. నేను విన్నాను. అది తప్పని నాకప్పుడే తెలుసు."

"నీకేం తెలుసే?" రాఘవ గొంతు కీచుగా వచ్చింది.

"ఆ పని చేసేది నేను కాబట్టి తెలుసు. మీరు కాదు కాబట్టి మీకు తెలీదు."

"ఇంటి గుట్టు వీధిలో పెడతావా?" దుర్గాంబ లేచి నిలబడింది.

నజీరా వాళ్ళిద్దరినీ చూడలేదు. "తెలిసి ఊరుకున్నావా వదినా?" అంది. "అప్పటికింకా మూడ్రోజులు టైముంది. ఒక్క ఫోన్ చేస్తే ఆపేసేదాన్ని కదా."

మొగుడి పరువు, అత్తగారి మాట, తను నోరెత్తితే ఇంట్లో అయ్యే రభస, ఇన్నేళ్ళుగా సిద్ధంగా ఉంచుకున్న జవాబులన్నీ ఉన్నాయి. ఆ పిల్ల మొహం చూస్తూ వాటిలో ఒక్కటీ పైకి అనలేకపోయింది.

"ఊరుకున్నాను," అంది. "మీ చిన్నాన్న దగ్గరికి తీసుకెళ్ళు."

నజీరా స్కూటీ వెనక కూర్చుని శాంభవి ఆటోనగర్ చేరింది. షెడ్డులో సమ్మెట దెబ్బలు ఆగాయి, పనివాళ్ళు తలలెత్తి చూశారు. చిన్నాన్న పెద్దమనిషి తరహాలో కుర్చీ జరిపి, "రాఘవగారి మిస్సెస్సా? కూర్చోండమ్మా. ఆయన రాలేదే? కొలంబో సంగతి ఆయనతోనే మాట్లాడదామనుకున్నా," అన్నాడు.

నిజం చెప్తే గుండె తేలికవుతుందంటారు. శాంభవికేమీ తేలికవలేదు. నజీరా ఇంకా దూరంగా, గోడవైపు తిరిగే నిలబడి ఉంది. శాంభవి కూర్చోలేదు.

"ఆయన వచ్చినా ఆయనకి ఈ పని తెలియదండీ. కొలంబోకి ఏం రాయాలో, ఎవరికి రాయాలో నేను చెప్తాను. కానీ ముందు నేనేం చేశానో చెప్పాలి. పనివాళ్ళని కూడా పిలవండి. నజీరాని మీరన్నది వాళ్ళందరి ముందే కదా."