రాగిసరి ఒంటబట్టింది

రాగిపిండితో కాచిన జావ, రాగిసరి, మొదలుపెట్టినప్పటినుంచి పిల్లోడికి దొడ్డికి కాలేదు. రొమ్ముపాలు తాగే బిడ్డ కొత్తగా కూడు తింటే ఇట్లయ్యేదే, పొట్ట మెత్తగానే ఉండాది, పాలు మాత్రం మాన్పొద్దని నర్సమ్మ చెప్పింది. అయినా హొన్నూరమ్మకు దిగులు పోలేదు. మనవడి పొట్టమీద ఆముదం రాసి నిమురుతానే ఉండింది.

ఆమె కూతురు నేత్రావతికి లోపల ఏ తల్లీ కోరుకోని కోరిక ఒకటుండింది. మొగుడు చచ్చిపోయినాక యశ్వంతనగర్‌లో గనుల కాడ వంటపని దొరికింది. బిడ్డను తల్లి దగ్గర వదిలి పోవాల. బిడ్డకు ఆ సరి పడలేదంటే, పాలకోసమన్నా తాను ఉండిపోవచ్చు.

పోవాల్సిన రోజు రానే వచ్చింది. తెక్కలకోట బస్టాండులో ఆమె బస్సు ఎక్కబోతాంటే పిల్లోడు మొహం ఎర్రగా చేసి ముక్కినాడు. హొన్నూరమ్మ చీరంతా ఖరాబయింది.

ముసలామె మొహం వెలిగిపోయింది. "అయింది తల్లీ. సరి ఒంటబట్టింది. ఇంక నీ పాలు లేకున్నా వానికేం కాదు. నిమ్మళంగా పోయిరా."

నేత్రావతి నవ్వి, బిడ్డను ముద్దు పెట్టుకుని బస్సెక్కింది.

బస్సు మోక ఊరు దాటకముందే రొమ్ములు చేపుకొచ్చినాయి. తడిసిన రైకమీద కొంగు కప్పుకుని ఆమె కిటికీవైపు తిరిగింది.