వంద కిలోమీటర్ల ఫలహారం

నేను ఇరవై ఏళ్లుగా పెడల్ తొక్కుతూనే ఉన్నాను, ఒక్క అంగుళం ముందుకు కదల్లేదు. అది కుట్టుమిషను మరి. భిలాయి ఖుర్సీపార్‌లో మా ముందుగది కిటికీ పక్కన వేసుకుని, పొద్దున్న తొమ్మిది నుంచి దీపాలు పెట్టేదాకా ఊళ్లోవాళ్ల జాకెట్లన్నీ కుడతాను. నలభై ఒకటో ఏట నాకు సైకిలు పిచ్చి పట్టిందని మా ఆయన తిరుమలరావు అందరితో చెప్పుకున్నారు గానీ, అది పిచ్చి కాదు. తొక్కినప్పుడు ఎక్కడికైనా చేరాలన్న కోరిక, అంతే.

దీనికి మూలం హరినాథ్ గారు. ఆయన ఉక్కు ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేస్‌కి ముడిసరుకు వేసే, వాళ్ల భాషలో ‘చార్జ్’ చేసే, విభాగంలో ముప్పై నాలుగేళ్లు చేసి రిటైరయ్యారు. వయసుకి మావయ్య వరస అవ్వాలి, కానీ భిలాయిలో అందరూ భయ్యాలే కదా, నేనూ అలాగే పిలుస్తాను. ఆయన ఓ సైకిల్ క్లబ్బు నడుపుతారు. ఒకరోజు పది చొక్కాలు తెచ్చి, వీపు వైపు మూడేసి జేబులు కుట్టమన్నారు. వీపు మీద జేబులేమిటని నవ్వాను. తొక్కుతూ తొక్కుతూ తినడానికి తిండి పెట్టుకుంటారట. అంత తిండి తినేలా ఎంత దూరం తొక్కుతారని అడిగాను. వంద కిలోమీటర్లన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లారాక క్లబ్బుకెళ్లి నా పేరు ఇచ్చాను.

క్లబ్బులో ఒక సైకిలు ఖాళీగా ఉండేది. బదిలీ మీద వెళ్లిపోతూ ఎవరో ఇంజనీరు ఇచ్చేసి వెళ్లారు. సన్నటి టైర్లు, పొట్టేలు కొమ్ముల్లా వంగిన హ్యాండిలు. కొత్తగా నేర్చుకునేవాళ్లకి మూడు నెలల గడువుతో ఇస్తారు. ఆఖరి నెలలో మూడు ఆదివారాలు పరీక్ష. మూడింట్లో ఒక్కసారైనా ఆరు గంటల్లోపు వంద తొక్కితే సైకిలు వాళ్లదే. లేకపోతే జాబితాలో తర్వాతి పేరుకి పోతుంది. ఆ తర్వాతి పేరు సుభాష్ అని ఒక బ్యాంకు ఉద్యోగిది. అతను నన్నెప్పుడు చూసినా, సైకిలు బాగానే ఉందా దీదీ, అని అడిగేవాడు. నా క్షేమం మాత్రం ఒక్కసారీ అడగలేదు.

హరినాథ్ గారికి ప్లాంటు అలవాటు ఒకటి పోలేదు. ఇంకా తేలని సరుకు మీద సుద్దతో రాస్తారు, పాసైన దాని మీద పెయింటుతో. సైకిలు నాకిస్తూ దాని నడుం కమ్మీ మీద సుద్దతో ‘కనకలత’ అని రాశారు. ప్రతి ఆదివారం చెమటకీ, దుమ్ముకీ అది చెరిగిపోయేది. ఆయన మళ్లీ రాసేవారు. నాకు ఆ సుద్దని చూస్తే కడుపు మండేది. రేషను కార్డులో తిరుమలరావు భార్యని, వీధిలో టైలరమ్మని. నా పేరు నా పేరుగా ఉన్నది ఆ కమ్మీ మీదే, అదీ తుడిస్తే పోయేలాగ.

నవంబరు చివర్నుంచి పట్టు పట్టాను. పది కిలోమీటర్లు, ఇరవై, నలభై. సల్వారు అంచులకి క్లిప్పులు పెట్టుకునేదాన్ని. గేర్లు మార్చడం అలవాటైంది, లారీ పక్కనుంచి పోతే బెదరడం మానేశాను. జనవరి చివరికి అరవై ఐదు దాకా వచ్చాను, అది కూడా ఆదివారం మా వీధిలో పెళ్లి ఉందని శుక్రవారమే తొక్కి. ఇక వందకి ఢోకా లేదనుకున్నాను.

ఫిబ్రవరిలో మొదటి పరీక్ష. పవర్ హౌస్ రైల్వే స్టేషను దగ్గర పొద్దున్న ఐదున్నరకి బయల్దేరి, దుర్గ్, శివనాథ్ వంతెన, రాజనాంద్‌గావ్ దాటి యాభై దగ్గరున్న ఢాబా చేరి, అదే దారిన వెనక్కి. పోవడం గాలిలో తేలిపోయినట్టు పోయాను. తిరుగుదారిలో సోమ్ని అనే ఊరు దాటాక, డెబ్భై దగ్గర, ఉన్నట్టుండి కాళ్లు నావి కాకుండా పోయాయి. కళ్ల ముందు రోడ్డు మసకబారింది. వేపచెట్టు కింద సైకిలు పడేసి కూలబడ్డాను. వెనకే వచ్చిన హరినాథ్ గారు బెల్లం ముక్క నోట్లో పెట్టి, రాత్రి ఏం తిన్నానని అడిగారు.

శనివారం నాకు ఒక్కపొద్దు. పెళ్లయిన కొత్తలో మా అత్త పార్వతమ్మ పలాస నుంచి వచ్చి, తమ ఇంట్లో శనివారం వెంకన్నకి ఒక్కపొద్దనీ, మధ్యాహ్నం ఒక పూటే అన్నమనీ, రాత్రికి ఫలహారమనీ చెప్పి వెళ్లింది. పంతొమ్మిదేళ్లుగా ఒక్క వారం తప్పలేదు నేను. రాత్రికి రెండు అరటిపళ్లు, దొరికితే ఒక జామకాయ. మా ఆయన ఒక్కపొద్దు ఉండరు, నేనేం తిన్నానో ఎప్పుడూ చూడలేదు. తెల్లారి లేచి టీ తాగి బయల్దేరాను.

ఫలహారం చేశాను భయ్యా అన్నాను.

ఆయన తల పంకించారు. “తిండి సరిగానే తిన్నావు గదా. మరైతే దారిలో సరిపోలేదన్నమాట. ఫర్నేస్ ఖాళీ అయ్యేదాకా చార్జ్ ఆపుతావేటి అమ్మాయీ? కొంచెం కొంచెంగా పడుతూ ఉండాల. చల్లారిపోయాక బండెడు బొగ్గు ఏసినా ఒకటే.”

ఆ మాట నాకు బాగా పట్టింది. రెండో ఆదివారానికి నా చొక్కాకి కూడా మూడు జేబులు కుట్టుకున్నాను. అన్నాళ్లూ ఊరందరికీ కుట్టి, నాకు కుట్టుకోలేదు మరి. ఖర్జూరాలు, బెల్లం, ఉప్పు కలిపిన నీళ్లు. ప్రతి అరగంటకీ ఆయన వెనకనుంచి ‘చార్జ్’ అనేవారు, నేను నోట్లో వేసుకునేదాన్ని. ఈసారి ఎనభై దాకా వచ్చాను. శివనాథ్ వంతెన ఇంకో నాలుగు కిలోమీటర్లే. కానీ కాళ్లు మళ్లీ అలాగే చచ్చుబడ్డాయి. ఏడవకూడదనుకుంటూనే ఏడ్చాను.

ఈసారి హరినాథ్ గారు బెల్లం ఇవ్వలేదు. కొందరి ఒంటికి ఎనభై దాటి పడదనీ, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదనీ మెత్తగా చెప్పారు. తిట్టినా బాగుండేది. మర్నాడు సుభాష్ వచ్చి, సీటు ఎత్తు తనకి సరిపోతుందో లేదో ఒకసారి చూసుకుంటానన్నాడు. వచ్చే ఆదివారం పదకొండున్నరకి రమ్మని చెప్పి తలుపేశాను.

ఆఖరి పరీక్షకి ముందు శుక్రవారం మా అత్త రైలు దిగింది. వెంట జీడిపప్పు సంచీ, పాకంలో వేసిన జీడిపప్పు అచ్చుల డబ్బా. పలాస మనిషి ఖాళీ చేతుల్తో రాదు కదా. నేను సైకిలు తొక్కుతున్నానని విని, ఆడదానికి ఇదేం బుద్ధని ఆవిడ అనలేదు. ఎవరికీ దెబ్బలు తగలకుండా తొక్కమంది. అంతవరకు మంచిదే.

శనివారం రాత్రి మిషను మూసి లోపలికి వెళ్లేసరికి వంటింట్లో పోపు వాసన. ఉల్లిపాయ లేకుండా, అల్లం, జీడిపప్పు వేసి పెద్ద గిన్నెడు ఉప్మా చేసింది ఆవిడ. రెండు పళ్లేలు పెట్టి, రా పలారం చేద్దాం అంది. నాకు శనివారం కదత్తా, మీరు తినండి అని అరటిపళ్ల కోసం చెయ్యి చాచాను. ఆవిడ గరిటె కింద పెట్టేసింది.

“పలారమంటే ఏటనుకున్నావే?”

పళ్లు కదా అన్నాను. మా వీధిలో హిందీవాళ్లు వ్రతం రోజు ఫలహార్ అంటే పళ్లే తింటారు. నేనిక్కడే పుట్టి, హిందీ బళ్లోనే చదివినదాన్ని. ఆ మాటకి నాకు తెలిసిన అర్థం అదే.

“అన్నం ముట్టకూడదు, అంతే. ఉప్మా, అట్టు, అటుకులు, ఏదైనా పలారమే. మన ఊళ్లో శనివారం రాత్రే అందరూ కడుపునిండా తింటారు.”

మనసులో లెక్కేసుకున్నాను. పంతొమ్మిదేళ్లు. ఏడాదికి యాభై రెండు శనివారాలు. పేగులు గోల పెడుతుంటే నీళ్లు తాగి పడుకున్న రాత్రులు వెయ్యికి పన్నెండు తక్కువ. అప్పుడు తట్టింది, హరినాథ్ గారిదీ మా అత్తవాళ్ల వైపు తెలుగే. ఫలహారం చేశానంటే ఆయన ఉప్మా తిన్నాననుకున్నారు. నా తిండిని వదిలేసి నా ఒంటిని తప్పు పట్టారు. నేనూ నా ఒంటినే తిట్టుకున్నాను. ఇంతకాలం వచ్చి పోతూ ఈవిడ నా అరటిపళ్లని చూడలేదా అని అడిగేశాను. గొంతు పెరిగిందని నాకే తెలిసింది.

ఆవిడ పీట మీద కూర్చుంది. “మొదటి ఏడే చూసేను. నిష్ఠ అనుకున్నాను. మా కోడలు శనివారం పళ్ల మీదే ఉంటాదని వీధంతా చెప్పుకున్నాను. తరవాత తెలిసింది, నీకు మాట తెలీదని. అప్పటికే అందరికీ చెప్పేసేను. నా మాట పోతాదని ఊరుకున్నాను. తప్పేనే కనకం.”

ఒళ్లు మండిపోయింది. కంచం విసిరేద్దామన్నంత కోపం వచ్చింది. కానీ గోడకి ఆనించిన సైకిలు మీద సుద్ద పేరు సగం చెరిగి కనిపించింది. ఎప్పుడైనా కోపపడొచ్చు, సైకిలు రేపు పదకొండున్నరకి పోతుంది. కంచం దగ్గరికి లాక్కుని తిన్నాను. మారు వడ్డించుకుని మరీ తిన్నాను. పొద్దున్న నాలుగింటికి ఆవిడే లేచి మళ్లీ కొంచెం వేడి చేసి పెట్టింది, జేబుల్లో జీడిపప్పు అచ్చులు విరిచి పోసింది. నా కోపం తగ్గలేదు. తినడం మాత్రం మానలేదు.

ఐదున్నరకి పవర్ హౌస్. ఈసారి గాలిలో తేలలేదు, కావాలనే నెమ్మదిగా పోయాను. అరగంటకో ముక్క. ఎనిమిదింబావుకి ఢాబా. పది నిమిషాలాగి వెనక్కి తిరిగేసరికి ఎదురుగాలి మొదలైంది. సోమ్ని దాటాను. వేపచెట్టు వచ్చింది, పోయింది. కాళ్లు నొప్పెడుతున్నాయి, కానీ ఆ నొప్పి నాదే, కాళ్లూ నావే. వంతెన మీదకి వచ్చేసరికి పదిన్నర. ఇంకా పదహారు, గంట టైము. మామూలు రోజుల్లో అదేమంత కష్టం కాదు, ఆ గాలికి మాత్రం చాలా కష్టం. దుర్గ్‌లో కొడిగట్టిన దీపంలా అయ్యాను. హరినాథ్ గారు పక్కకి వచ్చి ‘చార్జ్’ అన్నారు. ఆఖరి అచ్చు నమిలాను. సుపేలా దాటుతుంటే ఒక ఆటో అడ్డంగా ఆగింది. నా జీవితంలో ఎవరినీ తిట్టనంతగా హిందీలో తిట్టాను. అతను దారిచ్చాడు.

పదకొండు ఇరవై ఆరు.

సుభాష్ అక్కడే ఉన్నాడు పాపం, హెల్మెట్ కూడా తెచ్చుకున్నాడు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది అతనే. అందుకు మెచ్చుకోవాలి.

హరినాథ్ గారు నన్ను ఎగాదిగా చూసి, ఈసారి రాత్రి ఏం తిన్నానని అడిగారు.

“ఫలహారమే భయ్యా.”

ముందు రెండుసార్లూ అదే కదా తిన్నావు అన్నారాయన. అప్పుడు మొత్తం చెప్పాను. ఆయన నవ్వబోయి, మళ్లీ నవ్వలేదు. నా ఒంటికి పడదన్నందుకు చేతులు జోడించారు. తరవాత సంచీలోంచి తెల్ల పెయింటు డబ్బా తీశారు. సుద్దని గుడ్డతో శుభ్రంగా తుడిచి, సన్న బ్రష్‌తో ఒక్కో అక్షరం దిద్దారు. ఆరేదాకా ఆగమన్నారు. ఆగలేక వేలు పెట్టి చూశాను. ‘త’ కింద కొంచెం అలికింది. అలాగే ఉంచమన్నాను.

ఇంటికి వచ్చేసరికి మా అత్త గుమ్మంలో ఉంది. ఏం జరిగిందో సైకిలు మీద చదువుకుని, లోపలికి పోయి ఫోను తీసింది. పలాసలో మా తోటికోడలికి. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను.

“కనకం వంద కిలోమీటర్లు తొక్కిందే. ఆఁ, నిన్న శనివారం ఒక్కపొద్దే. పళ్ల మీద కాదు, కడుపునిండా ఉప్మా తిని తొక్కింది. ఇన్నేళ్లూ దానికి సరిగ్గా చెప్పనిది నానే. ఆ మాట మన వీధిలో అందరికీ చెప్పు, నాను చెప్పమన్నానని చెప్పు.”

ఫోను పెట్టి వెనక్కి తిరిగి నన్ను చూసింది. ఆవిడ కళ్లు తడిగా ఉన్నాయి, నావీ అంతే. వంటింట్లో ఇంకా ఏమైనా మిగిలిందా అత్తా అని అడిగాను, నాకు ఆకలి దంచేస్తోంది.